షాపు కంప్యూటర్లో విండోస్ తీసేశాడు... మా అబ్బాయి దారి తప్పుతున్నాడా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర. నేను జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతాను. మా వారు మస్కట్‌లో ఉంటారు. అబ్బాయి భీమవరం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న సెలవులకి వచ్చి షాపులో ఉన్న పాత కంప్యూటర్లో విండోస్ తీసేసి, దాని బదులు కంప్యూటర్ని నడిపించే లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాడు. ఫైళ్ళన్నీ ముందే వేరే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాడు, అంతవరకు నయం. కానీ పేజీలు కట్టే పేజ్‌మేకర్ లేదు, తెలుగు అక్షరాల అను ఫాంట్లు లేవు. పాత శుభలేఖలు తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి. పెళ్ళిళ్ళ గిరాకీ పక్క షాపుకి పోతోంది. అడిగితే "విండోస్ వాడటం బానిసత్వం" అంటాడు. రాత్రి రెండింటి దాకా నల్ల స్క్రీన్ మీద ఏదో టైప్ చేస్తూ కూర్చుంటాడు. మొదటి సంవత్సరంవి రెండు సబ్జెక్టులు ఉండిపోయాయి. వాళ్ళ నాన్న మ్యాక్‌బుక్ తెస్తానంటే వద్దన్నాడు. హైదరాబాద్‌లో ఉండే మా మరిది "ఏఐ వచ్చాక సాఫ్ట్‌వేర్ పని అయిపోయింది, బ్యాంకు పరీక్షలకి కూర్చోబెట్టండి" అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ గిరాకీ సంగతి చూద్దాం. తర్వాత వాడి భవిష్యత్తు. ఆ కంప్యూటర్లో విండోస్ కూడా, లైనక్స్ కూడా పక్కపక్కనే ఉండేలా పెట్టొచ్చు. స్విచ్ వేయగానే ఏది కావాలో అడుగుతుంది. డ్యూయల్ బూట్ అంటారు. మీ అబ్బాయికి ఇది ఒక పూట పని. వచ్చే ఆదివారం ఇంటికి రమ్మనండి, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ప్రింటరు అన్నీ మునుపటిలా పనిచేసి ఒక శుభలేఖ ప్రింట్ అయి మీ చేతికి వచ్చేదాకా తిరిగి కాలేజీకి వెళ్ళొద్దని చెప్పండి. కోపంతో చెప్పక్కర్లేదు. అది వాడి చదువులో భాగమే, ఎందుకో కింద చెబుతాను.

వాడు ఈ పని ఎందుకు చేశాడో మీకు సరిగ్గా చెప్పినట్టు లేడు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే రక్షణ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి వెళ్దామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఏడెనిమిదేళ్ళు దాటిన కంప్యూటర్లు చాలావరకు ఆ పరీక్ష దాటవు. బోర్డు, స్క్రీను, కీబోర్డు అన్నీ బాగానే ఉన్నా సాఫ్ట్‌వేర్ నిబంధన వల్ల కంప్యూటరు పాతదైపోయింది. ఇది నాకూ నచ్చని విషయమే. మీ షాపుకి ఊళ్ళో వాళ్ళు ఆధార్ కాపీలు, పొలం కాగితాలు, బ్యాంకు పాసుపుస్తకాలు తెస్తారు. రోజుకి ఎన్ని పెన్‌డ్రైవులు ఆ కంప్యూటర్లో దూరుతాయో మీకే తెలుసు. అప్‌డేట్లు ఆగిన కంప్యూటర్లో అవన్నీ పెట్టడం మంచిది కాదని వాడు ఆలోచించాడంటే మెచ్చుకోవాల్సిందే. అందుకే డ్యూయల్ బూట్ పెట్టాక విండోస్ వైపు ఇంటర్నెట్ తీసేసి డీటీపీకే ఉంచండి. ఆన్‌లైన్ దరఖాస్తులు, ఈమెయిళ్ళు లైనక్స్ వైపు చేసుకోండి. వేలిముద్ర మిషను ఉంటే మాత్రం దాని డ్రైవరు లైనక్స్‌కి దొరుకుతుందో లేదో ముందు చూడమనండి. చాలా వాటికి విండోసే కావాలి.

మరి తప్పెక్కడ జరిగింది? నడుస్తున్న వ్యాపారం మధ్యలో, దాని మీద బతికే మనిషిని అడక్కుండా యంత్రాన్ని మార్చేయడం దగ్గర. రేపు ఉద్యోగంలో వాడు ఇదే పని చేస్తే ఇంటికి పంపేస్తారు. 2024 జులై 19న ఏం జరిగిందో వాడికి తెలిసే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కి పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయి. మన దేశంలో విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. "చూశావా, విండోస్ ఇంతే" అని మీవాడు అనొచ్చు. కానీ అక్కడ అసలు పాఠం వేరు. మార్పుని ముందు కొద్ది యంత్రాల మీద పరీక్షించకుండా, వెనక్కి వచ్చే దారి పెట్టుకోకుండా అందరి మీదికీ ఒకేసారి వదిలారు. మీ షాపులో మీవాడు చేసిందీ అదే. ఫైళ్ళు ముందే వేరే డిస్క్‌లోకి ఎక్కించాడు కాబట్టి వాడిలో సగం ఇంజనీరు ఉన్నాడు. మిగతా సగం ఆ ఆదివారం తయారవుతాడు.

ఇక "బానిసత్వం" మాట. ఆ మాట వెనక ఒక పాత, గౌరవించదగ్గ ఆలోచన ఉంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ అందరూ స్వేచ్ఛగా వాడుకునే సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. నేను వాడే ప్రోగ్రామ్ లోపల ఏముందో చూసే హక్కు, మార్చుకునే హక్కు, పక్కవాడికి పంచే హక్కు నాకు ఉండాలన్నది ఆయన వాదన. 1991లో ఫిన్లాండ్‌లో హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నల్, అంటే దాని గుండెలాంటి భాగం, రాశాడు. అప్పటికి అతని వయసు 21, మీవాడికన్నా ఒకటి రెండేళ్ళు పెద్ద, అంతే. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ కింద నడుస్తున్నది ఆ లైనక్సే. ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ఉన్నవన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. కేరళలో ప్రభుత్వ బడి పిల్లలు కంప్యూటరు నేర్చుకునేదీ దాని మీదే. కాబట్టి వాడు ఎక్కడో మూలనున్న పిచ్చిలో పడ్డాడని భయపడకండి. నల్ల స్క్రీన్ మీద టైప్ చేయడం హ్యాకింగూ కాదు. కంప్యూటరుతో నేరుగా మాట్లాడే పద్ధతి అది. క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకి వాడుకునే కంప్యూటర్లు), సర్వర్ల ఉద్యోగాల్లో రోజంతా దాని ముందే కూర్చుంటారు.

అయితే వాడికి ఒక మాట నా తరఫున చదివి వినిపించండి. బాబూ, నీ కాలేజీ ఫీజులో కొంత ఆ విండోస్ కంప్యూటరు మీద శుభలేఖలు కొట్టి కట్టిందే. ఒక సిద్ధాంతం మీద ప్రేమ ఉండొచ్చు. దాన్ని పాటించని వాళ్ళని తక్కువ చేసి మాట్లాడితే, ఆ సిద్ధాంతం వైపు రావాలనుకునే వాళ్ళు కూడా వెనక్కి పోతారు. పైగా నువ్వు చెప్పే యుద్ధం పరిశ్రమలో చాలావరకు ముగిసిపోయింది. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో ఆ కుర్చీలోకి వచ్చిన మన హైదరాబాదీ సత్య నాదెళ్ళ అదే ఏడాది మైక్రోసాఫ్ట్‌కి లైనక్స్ అంటే ఇష్టమని వేదిక మీదే చెప్పాడు. 2016 నుంచి విండోస్ లోపలే లైనక్స్ నడుపుకునే ఏర్పాటు కూడా ఆ కంపెనీయే ఇచ్చింది.

ఇంకో సంగతి విను బాబూ. 2024 మార్చిలో లైనక్స్ ప్రపంచానికి పెద్ద గండం తప్పింది. ఎక్స్‌జెడ్ (XZ) అనే, ఫైళ్ళని కుదించే చిన్న ప్రోగ్రామ్ నిర్వాహకుడి నమ్మకం ఏళ్ళ తరబడి సంపాదించుకున్న ఒకరు అందులో దొంగదారి పెట్టారు. అది అలాగే వ్యాపించి ఉంటే లెక్కలేనన్ని సర్వర్ల తాళాలు వాళ్ళ చేతికి వెళ్ళేవి. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. వేరే పరీక్షలు చేసుకుంటుంటే సర్వర్‌లోకి లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. చాలామంది పట్టించుకోరు. అతను ఆ అర సెకను ఎక్కడికి పోతోందో తవ్వుకుంటూ వెళ్ళి దొంగని పట్టాడు. అతను పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. నువ్వు ఏ జెండా కింద ఉన్నావని కాక, ఆ అర సెకను నీకు కనబడుతుందా అన్నదే నన్నడిగితే అసలు ప్రశ్న.

అమ్మా, ఇప్పుడు మీ పిచ్చి గుర్తుల దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీవాడి కెరీర్‌కి మొదటి మెట్టు అక్కడే ఉంది. మీ అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలకి కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలు పెట్టి పనిచేస్తాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరుకి అది తెలుగని తెలియదు, కింద ఉన్న ఇంగ్లిష్ గుర్తులే చూపిస్తుంది. యూనికోడ్ వేరే పద్ధతి, ఒక్కో భాష అక్షరాలకి విడిగా సొంత సంకేతాలు ఇస్తుంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే అందులో తెలుగుకి సొంతంగా 128 స్థానాలున్నాయి. శుభలేఖ మీద మొదట పడే "శ్రీ" తీసుకోండి. కంటికి కనబడే వరుసలో అయితే గుడి దీర్ఘంతో ఉన్న "శీ" ఒక ముక్క, ర-వత్తు ఇంకో ముక్క. యూనికోడ్‌లో శ, పొల్లు, ర, చివర్న గుడి దీర్ఘం, ఇలా నాలుగు సంకేతాలు వరుసగా ఉంటాయి. అంటే అను నుంచి యూనికోడ్‌కి మార్చే ప్రోగ్రామ్ రాయాలంటే ముక్కకి ముక్క పెడితే సరిపోదు. శకారం మీదున్న దీర్ఘాన్ని విడదీసి, వత్తు దాటించి, చివరికి తేవాలి. రెండు వత్తులున్న "స్త్రీ" దగ్గర ఇంకా తిప్పలు.

ఇలాంటి కన్వర్టర్లు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. అయినా మీవాడిని సొంతంగా రాయమనండి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చాలు. పరీక్షించుకోవడానికి మీ షాపులో ఏళ్ళ తరబడి పోగైన శుభలేఖలు, కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు ఉన్నాయి. ఇంత మంచి పరీక్షా సామగ్రి నగరంలో కుర్రాడికి దొరకదు. కార్డుల్లోని పేర్లు, ఫోన్ నంబర్లు బయటికి పోకుండా చూసుకుని, ప్రోగ్రామ్ మాత్రం గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైటులో అందరికీ కనబడేలా పెట్టమనండి. రామభద్ర, మండలి, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. స్క్రైబస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో పేజీ కట్టొచ్చు. మీ అనుభవంతో మీరు చూసి "ఈ కార్డు గిరాకీకి ఇవ్వొచ్చు" అన్నరోజున షాపులో విండోస్ అవసరం కొంత తగ్గుతుంది. అంతవరకు తగ్గదు. వాడు నమ్మిన స్వేచ్ఛ వాళ్ళమ్మకి పనికొచ్చేలా చేయడం వాడి బాధ్యత.

ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల్లో కూర్చున్న వాణ్ణి కాబట్టి చెబుతున్నాను. అటెండెన్స్ సిస్టమ్, లైబ్రరీ మేనేజ్‌మెంట్ లాంటి ప్రాజెక్టులు ఒక్క రోజులో ఎన్నోసార్లు వింటాం. చాలావరకు అమీర్‌పేటలోనో విజయవాడలోనో కొన్నవి. రెండో ప్రశ్నకే ఆగిపోతారు. "మా అమ్మ షాపులో పాత ఫైళ్ళు తెరుచుకోలేదు, అందుకని ఇది రాశాను, ఇదిగో ఇక్కడ తప్పు చేస్తోంది, ఇంకా సరిచేయాలి" అని ఒక కుర్రాడు చెబితే బోర్డులో అందరూ తల ఎత్తి చూస్తారు.

మీ మరిదిగారి మాటలో కొంత నిజం ఉంది, కాదనను. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని చెప్పింది. చెప్పిన కోడ్ చెప్పినట్టు రాసే పని ఏఐ కూడా చేస్తోంది. ఆ పని మాత్రమే నేర్చుకుని బయటికి వచ్చే పిల్లల గురించి నాకు నిజంగా బెంగగా ఉంది. మెషిన్ ఆగిపోయినప్పుడు ఎందుకు ఆగిందో లోపలికి దిగి కనిపెట్టే వాళ్ళ అవసరం మాత్రం తగ్గుతుందని నేను అనుకోవడం లేదు. ఏఐ రాసిన కోడ్ కూడా ఏదో ఒక సర్వర్ మీదే నడవాలి, అది ఆగితే ఎవరో ఒకరు లేచి చూడాలి. మీవాడి చేతులు అటువైపే పోతున్నాయి. సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్, క్లౌడ్, డెవాప్స్ (రాసిన సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీద ఎక్కించి నడిపించే పని), భద్రత, ఇవన్నీ ఆ దారిలోవే. మన చేపల, రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు, ఆక్సిజన్ కొలిచే సెన్సార్లు పెడుతున్నారు కదా, అలాంటి పరికరాల లోపల రాసే ఎంబెడెడ్ పని కూడా. రెడ్‌హ్యాట్ అనే లైనక్స్ కంపెనీ వాళ్ళ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే పరీక్ష ఉంది. అందులో టిక్కులు పెట్టడం ఉండదు, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పని చేసి చూపించమంటారు. మూడో సంవత్సరం సెలవుల్లో రాయొచ్చు. బీటెక్ తర్వాత గేట్ రాసినా అందులో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఒక సబ్జెక్టు. పునాది వృథా పోదు. బ్యాంకు పరీక్షలకి డిగ్రీ ఉంటే చాలు, అవి ఎటూ పారిపోవు. ఇప్పుడు ఆ మాట ఎత్తి వాడి మనసు విరవకండి.

మ్యాక్‌బుక్ చాలా మంచి యంత్రం, కానీ మీకు అవసరం లేదు. మీ వారు అక్కడ ఎండలో సంపాదించిన లక్ష రూపాయలు ల్యాప్‌టాప్ మీద పెట్టక్కర్లేదు. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ అంతకన్నా తక్కువ ధరకే వస్తుంది. అదీ ఇక్కడే కొనండి. గల్ఫ్‌లో కొంటే కీబోర్డు మీద అరబిక్ అక్షరాలు కూడా ఉంటాయి, అది పెద్ద ఇబ్బంది కాదు కానీ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో చాలామంది ముందు అడగరు. కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలు చాలావాటికి విండోస్ కావాలి కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయొద్దనండి.

అన్నిటికన్నా అత్యవసరం ఆ రెండు సబ్జెక్టులు. బ్యాక్‌లాగ్ ఉంటే చాలా కంపెనీలు క్యాంపస్‌లో పరీక్షకే కూర్చోనివ్వవు, వాడికి ఎంత లైనక్స్ వచ్చినా చూపించుకునే అవకాశం రాదు. ఈ సప్లిమెంటరీకి ఫీజు కట్టాడో లేదో ఇవాళే ఫోన్ చేసి అడగండి. పరీక్షలు అయ్యేదాకా రాత్రి పదకొండు తర్వాత కంప్యూటరు వద్దని వాళ్ళ నాన్న చేత చెప్పించండి. కన్వర్టరు పని ఆ పరీక్షల తర్వాతే.