రోల్‌ప్లే రోడ్డు శాఖ: కోన్లు, టోయింగ్, రేడియో

ప్రశ్న: జీటీఏ 5 ఆటను పాత్రల్లో ఒదిగి ఆడుకునే (రోల్‌ప్లే) ఫైవ్‌ఎమ్ సర్వర్‌లో ఈమధ్యే డీఓటీలో, అంటే రవాణా శాఖలో చేరాను. యాక్సిడెంట్ అయినచోట కోన్లు పెడుతున్నా కార్లు వచ్చి గుద్దేస్తున్నాయి. ఎన్ని పెట్టాలి? ఎంత దూరంలో? – ఖమ్మం పాఠకుడు

జవాబు: కోన్లు తక్కువవడం కంటే, వాటిని దెబ్బతిన్న కారుకు మరీ దగ్గరగా మొదలుపెట్టడమే ఎక్కువసార్లు కారణం. మీ సర్వర్లు అనుకరించేది అమెరికా రోడ్లను. అక్కడి జాతీయ ప్రమాణమైన ఎమ్‌యూటీసీడీ పనిచోటును నాలుగు భాగాలు చేస్తుంది: ముందుగా హెచ్చరించే దూరం, బండ్లను పక్క లేన్‌లోకి మళ్లించే ఏటవాలు వరుస, పని జరిగే చోటు, తిరిగి మామూలు దారిలోకి వదిలే చోటు. కొత్తగా చేరినవాళ్లు మొదటి రెండూ వదిలేసి మూడోదాని చుట్టూ కోన్లు పేరుస్తారు. వెనక వచ్చేవాడికి బ్రేకు వేసే వ్యవధే దొరకదు.

ఏటవాలు వరుస పొడవుకు లెక్క ఉంది. వేగ పరిమితి గంటకు 40 మైళ్లు, అంతకు తక్కువైతే లేన్ వెడల్పును వేగం వర్గంతో గుణించి 60తో భాగించాలి. 45, ఆపైన అయితే వెడల్పును వేగంతో గుణిస్తే చాలు. 12 అడుగుల లేన్‌కు 30 మైళ్ల వీధిలో 180 అడుగులు వస్తుంది, 60 మైళ్ల ఫ్రీవే మీద 720. వేగం ఎన్ని మైళ్లో, కోన్‌కూ కోన్‌కూ మధ్య సుమారు అన్ని అడుగులు. అంటే వీధిలో 7 కోన్లు, ఫ్రీవే మీద 13. ఆటలో టేపు ఉండదు కాబట్టి కారు పొడవును 15 అడుగులుగా లెక్కేసుకోండి. 30 అడుగులంటే రెండు కార్లు.

జీటీఏ పటం బాగా కుదించినది. ఫ్రీవే మీద 720 అడుగులు కుదరకపోతే మూడో వంతుకు, అంటే 240 అడుగులకు, 5 కోన్లకు దిగొచ్చని మా అభిప్రాయం. ఊళ్లో మాత్రం తగ్గించకండి. మలుపు అవతలో, మిట్ట అవతలో కారు ఆగి ఉంటే వరుస మలుపు ఇవతలే మొదలవ్వాలి.

ముందు మీ ట్రక్కును ట్రాఫిక్ వచ్చే వైపు, దెబ్బతిన్న కారుకు వెనక ఆపి పసుపు లైట్లు వేయండి. ఆ తర్వాతే దిగండి. మొదటి కోన్ అన్నింటికన్నా దూరాన, రోడ్డు అంచున పడాలి. అక్కడినుంచి ఒక్కోటీ లేన్‌లోకి జరుపుతూ ప్రమాదం వైపు రండి.

ఇంకో చిక్కు ఎన్‌పీసీ కార్లది, అంటే ఆటగాళ్లు కాకుండా ఆటే నడిపే కార్లది. వాటికి కోన్ అంటే లెక్క లేదు. స్పీడ్ జోన్, అంటే ఆ చోట వాటి వేగం తగ్గించే ఏర్పాటు కూడా పెడితేనే నెమ్మదిస్తాయి. పైగా ఒక్కో ఎన్‌పీసీ కారునూ దగ్గర్లో ఉన్న ఎవరో ఒక ఆటగాడి కంప్యూటరే నడుపుతుంటుంది. జోన్ స్క్రిప్ట్ అందరికీ సింక్ కాకపోతే మీ వైపు నెమ్మదించేవి కొన్నే, మిగతావి దూసుకొస్తాయి. ఇది డెవలపర్ సరిచేయాల్సిన పని, అడగండి.

ప్రశ్న: కోన్లు గుద్ది పారిపోయినవాణ్ని వెంబడించొచ్చా? – విజయవాడ పాఠకుడు

జవాబు: వద్దు. డీఓటీకి బండి ఆపే అధికారం, అరెస్టు చేసే అధికారం లేవు. పసుపు లైట్లతో సిగ్నల్ దాటే హక్కు కూడా రాదు. నంబరు ప్లేటు, రంగు, వెళ్లిన దిక్కు డిస్పాచ్‌కి (రేడియో కేంద్రానికి) చెప్పి మీ పనిలో ఉండండి. ట్రక్కుతో గుద్ది ఆపితే అది వీడీఎమ్ (బండిని ఆయుధంలా వాడడం) కిందికి వస్తుంది. కాల్పులు జరుగుతున్న చోటికి పిలిచినా దూరంగా ఆగి, పోలీసులు కోడ్ 4 (అంతా అదుపులో ఉంది) చెప్పాకే లోపలికి వెళ్లాలి. తూటాల మధ్య కోన్లు పేర్చేవాడు ప్రాణభయం లేనట్టు ఆడుతున్నాడు. అదీ తప్పు రోల్‌ప్లేనే.

ప్రశ్న: రోడ్డు పక్కన ఖాళీ కారు కనిపిస్తే టో చేయొచ్చా? – నిజామాబాద్ పాఠకురాలు

జవాబు: పోలీసు అడగాలి, లేదా యజమాని ఒప్పుకోవాలి. ఆ కారు ఎవరి సన్నివేశంలోనో భాగమై ఉండొచ్చు, వాళ్లు షాపులోకి వెళ్లి ఉండొచ్చు. డిస్కార్డ్‌లోనో స్ట్రీమ్‌లోనో చూసి ‘ఇది దొంగ కారు’ అని ఎత్తుకెళ్లడం మెటాగేమింగ్, అంటే మీ పాత్రకు తెలియని సంగతిని ఆటలో వాడుకోవడం. ఎత్తేముందు లోపల ఎవరూ లేరని చూసి ప్లేటు నమోదు చేయండి. హుక్ ట్రక్కుతో ఎత్తేటప్పుడు ఇంజిన్ తిప్పే చక్రాలు గాల్లో ఉండాలి: ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు ముందువి, రియర్ వీల్ డ్రైవ్‌కు వెనకవి. అవి నేలమీద దొర్లితే గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే కారుకు ఫ్లాట్‌బెడ్డే, అంటే కారు మొత్తాన్ని మీదికెక్కించుకునే ట్రక్కే. ఆట ఇదంతా పట్టించుకోకపోయినా, చూసేవాళ్లకు మీకు పని తెలుసన్నది ఇక్కడే అర్థమవుతుంది.

ప్రశ్న: రేడియోలో ఎంత చెప్పాలి? – విశాఖ పాఠకుడు

జవాబు: ఎవరు, ఎక్కడ, ఏది మూశారు. ‘డీఓటీ 3, సెనోరా ఫ్రీవే ఉత్తరం వైపు, కుడి లేన్ మూశాను’. అంతే. 10-కోడ్లు (10తో మొదలయ్యే రేడియో సంకేతాలు) సర్వర్‌ను బట్టి మారతాయి, అనుమానముంటే మామూలు మాటల్లో చెప్పండి. పోలీసులు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరకండి.

ప్రశ్న: నేను వెళ్లిపోయాక కోన్లు రోడ్డు మీదే ఉంటున్నాయని అడ్మిన్లు హెచ్చరించారు. – కరీంనగర్ పాఠకుడు

జవాబు: తీసేటప్పుడు వరుస తిరగబడాలి: చివర పెట్టింది ముందు, మొదట పెట్టింది ఆఖర్న. దూరాన ఉన్న కోన్ ముందు తీసేస్తే, మీరింకా లేన్‌లో ఉండగానే బండ్లు మీ మీదికి వస్తాయి. కోన్ల తర్వాత స్పీడ్ జోన్, అన్నిటికీ చివర ట్రక్కు కదలాలి. జోన్ మరిచిపోతే ఖాళీ రోడ్డు మీద కార్లు పాకుతూనే ఉంటాయి, కారణం ఎవరికీ అంతుపట్టదు. కాబట్టి పెట్టేటప్పుడే కోన్లు లెక్కపెట్టుకోండి. 13 పెట్టి 12 తీస్తే ఆ ఒక్కటీ దొరికేదాకా ‘లేన్ తెరిచాను’ అని రేడియోలో చెప్పొద్దు.