పెటర్ గింజ్ గురించి రాసేటప్పుడు

ఒరే నాన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. హిట్లర్ కాలంలో నాజీలు పొట్టనబెట్టుకున్న యూదు కుర్రాడు పెటర్ గింజ్ గురించి కాలేజీ పత్రికకి రాద్దామన్న ఆలోచనే నాకు నచ్చింది, చాలామంది డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ దగ్గరే ఆగిపోతారు. కానీ ఎత్తుకోవడమే కొలంబియా అంతరిక్ష నౌక ప్రమాదంతో ఎత్తుకున్నావు, రెండో పేరాకి గ్యాస్ చాంబర్, మూడో పేరాకి కన్నీళ్లు. ఆ పిల్లాడెక్కడరా ఇందులో?

నేనూ ఒకప్పుడు ఇదే పొరపాటు చేశాన్లే. బళ్లో పనిచేసే రోజుల్లో అసెంబ్లీలో ఇతని కథ చెబుతూ గొంతు పూడుకుపోయి మధ్యలో ఆపేశాను. తర్వాత ఆరో తరగతి పిల్ల ఒకతె వచ్చి "టీచర్, ఇంతకీ ఆ అబ్బాయి ఏం రాశాడు?" అంది. పది నిమిషాలు మాట్లాడి ఆ ముక్క ఒక్కటీ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

అందుకని ప్రాగ్‌లో మొదలుపెట్టు. 1928 ఫిబ్రవరి 1న పుట్టాడు. అమ్మానాన్నలకి ఎస్పెరాంతో అనే కల్పిత ప్రపంచభాష పిచ్చి, వీడికి జూల్ వెర్న్ సాహస నవలల పిచ్చి. ఎనిమిదేళ్ల నుంచే నవలలు రాసి బొమ్మలు కూడా తనే వేసుకునేవాడు, ఒకదాంట్లో ఆదిమకాలపు జంతువొకటి కాంగోలో ప్రత్యక్షమవుతుంది. తర్వాత డైరీకి రా. అది 1941 సెప్టెంబర్ 19న మొదలవుతుంది, అంటే యూదులంతా బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలన్న జర్మన్ల ఆర్డర్ అమల్లోకి వచ్చిన రోజు. పదమూడేళ్ల వాడు ఏం రాశాడు? పొగమంచుగా ఉందని రాశాడు. బడికి వెళ్తూ దారిలో 69 మంది "షెరీఫ్"లను లెక్కపెట్టాడట, అమ్మకైతే వందమందికి పైనే కనిపించారట. కౌబాయ్ సినిమాల్లో షెరీఫ్ చొక్కాకి నక్షత్రం ఉంటుంది చూడు, అదీ వాడి జోకు. నువ్వు "హృదయవిదారకం" అన్న మాట నాలుగుసార్లు వాడావు, నాలుగూ కొట్టేసి ఆ 69 ఉంచు చాలు.

ఒక తప్పు దిద్దుకో. కుటుంబాన్నంతా ఒకేసారి తీసుకెళ్లలేదు. తండ్రి యూదు, తల్లి కాదు. అలాంటి ఇళ్లలో పిల్లల్ని పద్నాలుగేళ్లు నిండాక పంపేవాళ్లు, అందుకే 1942 అక్టోబర్‌లో వాడొక్కడే తెరెజిన్ గెట్టోకి, అంటే యూదుల్ని నిర్బంధించిన ఊరికి, వెళ్లాడు. చెల్లెలు ఎవాకి పద్నాలుగు నిండి ఆమె కూడా అక్కడికి చేరేసరికి 1944 వచ్చింది.

నీ వ్యాసంలో సగం తెరెజిన్‌కే ఇవ్వు, కానీ గెట్టో వర్ణన కోసం కాదు, వాడు నడిపిన పత్రిక కోసం. 'వెదెమ్' దాని పేరు, ముందుకు నడిపిస్తాం అని అర్థం. ఒకప్పటి బడి భవనంలో ఒక గదిలో ఉండే మగపిల్లలు తీసిన వారపత్రిక, ఉండేది ఒక్క కాపీ, శుక్రవారం సాయంత్రం అందరూ చుట్టూ కూర్చుంటే పైకి చదివేవాళ్లు. పద్నాలుగేళ్ల పెటర్ ఎడిటర్. కింది బంకు మీద బాసింపట్టు వేసుకుని, చుట్టూ కలాలు, కుంచెలు, కాయితాలు, ఇంటి నుంచి వచ్చిన పార్సిల్లో మిగిలిన తిండి పెట్టుకుని కూర్చునేవాడట. ఆ తిండి ఎందుకనుకున్నావు? వ్యాసం ఇచ్చినవాడికి లంచం! ఎవడూ ఇవ్వకపోతే రకరకాల మారుపేర్లతో తనే రాసి నింపేసేవాడు. (మా బళ్లో లిఖిత పత్రిక నడిపిన నాకు ఈ తిప్పలు బాగా తెలుసు, కాకపోతే నేను జామకాయలు పంచేదాన్ని.) ఊరంతా తిరిగి బేకరీ ఎలా నడుస్తుందో, చివరికి శవాల్ని కాల్చే చోటు ఎలా పనిచేస్తుందో కూడా వెళ్లి చూసొచ్చి, రిపోర్టర్‌లా రాశాడు. దాదాపు 800 పేజీలు మిగిలాయంటే, బతికి బయటపడ్డ జ్దెనెక్ తౌసిగ్ అనే కుర్రాడు వాటిని దాచబట్టే.

చావు గురించి నాలుగు వాక్యాలు మించొద్దు. 1944 సెప్టెంబర్ 28న ఆష్విట్జ్ మరణశిబిరానికి వెళ్లే రైలెక్కించారు. చెల్లెలు రొట్టె ముక్కలు పట్టుకుని పరిగెత్తి, పెట్టె ఊచల్లోంచి అందించి, కాపలావాడు తరిమేలోపు అన్న చెయ్యి పట్టుకుంది. వాడికప్పటికి పదహారేళ్లు. ఆగిపో అక్కడ.

ఇక కొలంబియాని చివరికి తీసుకురా, దానికో కారణం ఉంది. చంద్రుడి మీది మొనదేలిన కొండల్లోంచి ఆకాశంలో భూమి కనబడుతున్నట్టు పెటర్ గెట్టోలో వేసిన పెన్సిల్ బొమ్మ కాపీని ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రామోన్ వెంట తీసుకెళ్లాడు (అసలు బొమ్మ వెళ్లలేదు, అది జెరూసలేంలో యాద్ వషేం అనే స్మారక మ్యూజియంలోనే ఉంది, ఇదీ నువ్వు తప్పు రాశావు). 2003 ఫిబ్రవరి 1న మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. పెటర్ బతికుంటే ఆ రోజుకి 75 నిండేవి. ఆ వార్తల్లో పెటర్ పేరు విని, ప్రాగ్‌లో ఒకాయనకి తన దగ్గరున్న పాత నోట్‌బుక్కులు గుర్తొచ్చాయి. నువ్వు మొదట్లో పెట్టబోయే ఆ 69 షెరీఫ్‌ల డైరీ బయటపడింది అలా.

ఆదివారం లోపల మళ్లీ రాసి పంపు. ఈసారి పీడీఎఫ్ వద్దు, ఫోన్లో అక్షరాలు కనబడి చావట్లేదు.

మీ అత్త