రూలుతో పేచీ పెట్టుకునే ముందు

మైలాపూరు, చెన్నై

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం.

ఒకే ఊళ్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వుకోకు. మొన్న ఆదివారం నువ్వు ఫోను చేసి ముప్పావు గంట మాట్లాడితే, అందులో నాకు నోరు మెదిపే సందు దొరికింది రెండు నిమిషాలే. ఒకే వారంలో పడిన రెండు చలానాలు, కళ్లెదుట కనిపిస్తున్న పెట్రోలు బంకుకు చేరడానికి కిలోమీటరు దూరం పోయి యూటర్ను తీసుకోవలసి రావడం, నీ ఏపీ నంబరు చూడగానే పోలీసు చెయ్యెత్తి పక్కకు పిలవడం, ఇవన్నీ ఏకరువు పెట్టి, చివరికి "ప్రకాశం పంతులుగారైతే ఇలాంటి రూల్సుకు తలవంచేవారా పెదనాన్నా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోగా ఆఫీసు ఫోను వస్తోందని పెట్టేశావు. ఆ ప్రశ్నను ఊరికే వదిలేయబుద్ధి కాలేదు.

నేను 1974లో నెల్లూరు నుంచి ఈ ఊరొచ్చి, ప్యారీస్ కార్నర్ దగ్గర ఒక పార్సిల్ లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరి, ముప్పై ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నానన్న సంగతి నీకు తెలుసు. డ్రైవర్ల మీద పడిన కేసులు, పర్మిట్లు, బండి కండిషన్ బాగుందనే ఎఫ్‌సీ పత్రాలు, జరిమానా రసీదులు అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. రూల్సును తిట్టడంలో నీకంటే నాకే అనుభవం ఎక్కువ.

ముందు ప్రకాశం గారి సంగతి చూద్దాం. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజున మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే ఒక యువకుడు చనిపోయాడు. ఆ శవాన్ని చూడనివ్వమని ప్రకాశం గారు ముందుకు వెళితే పోలీసులు తుపాకీ గురిపెట్టారు, ఆయన చొక్కా విప్పి రొమ్ము చూపించి నిలబడ్డారు. నేను ముప్పై ఎనిమిదేళ్లు టీ తాగిన వీధికి అది కూతవేటు దూరం. ఇక నీ సంగతి. నువ్వు యూటర్ను తప్పించుకోవడానికి రాంగ్ సైడులో రెండు వందల గజాలు పోయే ముందు, మూలన పోలీసు ఉన్నాడా లేడా అని చూసుకున్నానని నువ్వే చెప్పావు. ఆయన గుండీలు విప్పి నిలబడితే, నువ్వు హెల్మెట్ అద్దం దించుకుని జారుకున్నావు. ఎదిరించినవాడు పట్టపగలు పదిమంది ముందు నిలబడి, దాని ఫలితం తన ఒంటి మీద తీసుకోవడానికి సిద్ధపడతాడు. నువ్వు చేసిన పనికి ఫలితం నీ ఒంటి మీద పడేది కూడా కాదు, ఎదురుగా సవ్యంగా వస్తున్న వాడి ఒంటి మీద పడేది. కనుక ఆ పెద్దాయన పేరు ఈ వ్యవహారంలోకి తీసుకురావద్దు.

అలాగని రూల్సన్నీ సవ్యంగా ఉన్నాయని నేను అనను. నీకు కోపం తెప్పిస్తున్న వాటిలో నాకూ నచ్చనిది ఒకటుంది, అది పరాయి రాష్ట్రం బండి రూలు. 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అంతవరకు న్యాయంగానే ఉంది. ఏ ఊరి రోడ్డు అరగదీస్తున్నామో ఆ ఊరికి పన్ను కట్టడంలో తప్పేముంది? కాని మీ నాన్న ఆ బండికి ఆంధ్రలో జీవితకాలపు పన్ను ఒకేసారి కట్టేశాడు. ఇప్పుడు ఇక్కడ మళ్లీ పన్ను కట్టి, తమిళనాడు నంబరు చేతికి వచ్చాక, ఆ కాగితాలు పట్టుకుని అక్కడికి వెళ్లి మిగిలిన కాలానికి డబ్బు వాపసు ఇమ్మని అడగాలి. రెండు రాష్ట్రాలు తమలో తాము తేల్చుకోవలసిన లెక్కను బండివాడి నెత్తిన పెట్టడం నాకు ఏనాడూ సబబుగా తోచలేదు. అయినా చెయ్యక తప్పదు, చేసే తీరు చెబుతాను విను.

నువ్వు ఇక్కడికి వచ్చి పది నెలలు దాటింది కనుక ఇక ఆలస్యం చెయ్యవద్దు. బండి రిజిస్టరైన ఆఫీసు నుంచి ఫారం 28 మీద, అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. కేంద్ర రవాణా శాఖవారి పరివాహన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. బండి మీద అప్పు ఇంకా ఉంటే ఫైనాన్సు వాళ్ల ఒప్పుదల కాగితం ముందే అడిగి ఉంచుకో, అందరూ మరిచిపోయేది దాన్నే. చలానాలు బాకీ ఉంటే ఎన్‌ఓసీ అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ఆ రెండింటి సంగతి ముందు తేల్చు. ఎన్‌ఓసీ వచ్చాక ఇక్కడ నువ్వు కాపురమున్న ప్రాంతపు ఆర్‌టీఓ ఆఫీసులో ఫారం 27తో దరఖాస్తు పెట్టి, బండి చూపించి, దాని వయసును బట్టి పన్ను కట్టాలి. ఈలోగా ఎవరైనా ఆపితే, బండి ఈ రాష్ట్రంలోకి ఎప్పుడు వచ్చిందో చూపించే కాగితం ఒకటి నీ దగ్గర ఉండాలి. సూళ్లూరుపేట దాటి వచ్చిన రోజు పెట్రోలు బిల్లో, బండిని రైల్లో వేసి ఉంటే ఆ పార్సిల్ రసీదో వెతుకు. దారిలో పోలీసుతో సెక్షన్లు వాదించడం కంటే ఆ తేదీ చూపించి నమస్కారం పెట్టడం త్వరగా తెమిలే పని. మీ కంపెనీకి నాలుగు, అంతకు మించి రాష్ట్రాల్లో ఆఫీసులుంటే తర్వాత కొనే బండికి 2021లో వచ్చిన, రాష్ట్రం మారినా మార్చనక్కరలేని బీహెచ్ సిరీస్ నంబరు దొరుకుతుందేమో కనుక్కో, ఈ తిప్పలు ఉండవు.

వెనక కూర్చున్నవాళ్లకు కూడా హెల్మెట్ ఎందుకన్న నీ వాదన మాత్రం నేను ఒప్పుకోను. అది నిన్న మొన్న పుట్టిన రూలు కాదు, 1988 చట్టం 129వ సెక్షన్‌లోనే ఉంది. 2022 అక్టోబరు నుంచి ఇక్కడ జరిమానా వెయ్యి రూపాయలు చేసేసరికి అందరికీ కొత్తగా కనిపించింది. మా ఆఫీసు క్యాషియరు 1996లో స్కూటరు వెనక కూర్చుని ఇంటికి పోతూ, మనిషి నడిచేటంత వేగంలో, బురద మీద బండి జారి పడిపోయాడు. తల డివైడరు అంచుకు తగిలింది. ఆయన ఒళ్లో పెట్టుకున్న టిఫిన్ క్యారియరు పక్కనే నిలువుగా నిలబడి ఉంది, దాని మూత కూడా ఊడలేదు. ఆ క్యారియరును వాళ్ల ఇంటికి చేర్చింది నేనే. ఈ విషయంలో నాతో వాదించకు.

ఇక అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తాను. నచ్చని రూలుతో పేచీ ఎలా పెట్టుకోవాలో ఈ ఊళ్లోనే ఒక తెలుగాయన చేసి చూపించాడు. మీ తరానికి ఆయన పేరు తెలియదు, మా తరానికీ అంతంత మాత్రమే. ఆయన గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1806లో మద్రాసులో పుట్టిన వర్తకుడు. 1844లో 'క్రెసెంట్' అనే పత్రిక పెట్టి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, ఆ ఏడాదే మద్రాసు ప్రెసిడెన్సీ ప్రజల కష్టాలను రాసి లండన్‌లో పార్లమెంటుకు మహజరు, అంటే విన్నపపత్రం, పంపాడు. ఆ రోజుల్లో పల్లెల్లో శిస్తు వసూలు కోసం రైతును వంచి మెడను కాళ్లకు కట్టి ఎండలో నిలబెట్టేవారు, వేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కేవారు. అలాంటిదేమీ జరగడం లేదన్నది దొరల మాట. లక్ష్మీనరసు చెట్టి ఆవేశపడి వీధుల్లో కేకలు వేయలేదు. 1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వస్తే, ఆయనను వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పి, బాధలు పడ్డవాళ్లనే ఎదుట నిలబెట్టాడు. ఆ మాట లండన్ సభలో లేచింది, 1854లో విచారణ కమిషన్ వేశారు, 1855లో వచ్చిన నివేదిక హింస జరుగుతున్న మాట నిజమేనని ఒప్పుకుంది. ఆ వర్తకుడు సంపాదించినదంతా ఈ పనులకే ఖర్చుపెట్టి 1868లో పేదవాడిగా పోయాడు. పానగల్లు రాజా పేర పార్కు ఉంది, త్యాగరాయ చెట్టి పేర ఏకంగా నగరే ఉంది, సంతోషమే. కాని ఈ ఊరి తెలుగువాళ్లలో నేను చెయ్యెత్తి దండం పెట్టేది మాత్రం ముందు ఈ గాజుల ఆయనకే.

ఆయన పద్ధతిలో పట్టుకోవలసింది ఒకటే, ఎదుటివాడు కాదనలేని వివరం చేతిలో ఉంచుకుని మాట్లాడటం. నేను రిటైరైన కొత్తలో మా బస్టాపు దగ్గర డివైడరు సందును సిమెంటు దిమ్మెలతో మూసేశారు. బండ్లకు మంచిదేనేమో గాని, ఎదురుగా ఉన్న ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు సిగ్నలు దాకా నడిచి మళ్లీ అంత దూరమూ వెనక్కి రావలసి వచ్చేది. మొదట నేనొక అర్జీ రాశాను. అందులో అన్యాయం, అమానుషం అన్న మాటలు నాలుగైదు చోట్ల ఉన్నాయి. ఎవరూ పలకలేదు. అప్పుడు మీ పెద్దమ్మ ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టి టీ కొట్టు బెంచీ మీద కూర్చోమంది. ఆరు రోజులు, పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా, దిమ్మెల మధ్య నుంచి దూరి దాటేవాళ్లకు ఒక గీత, చేతికర్ర ఉన్నవాళ్లకు గీత మీద చుక్క, చంటిబిడ్డను ఎత్తుకున్నవాళ్లకు సున్నా. ఐదేసి గీతలు కట్టలుగా కడుతూ నాలుగు పేజీలు నిండాయి. రెండో అర్జీలో విశేషణాలు ఒక్కటీ లేవు. స్థలం, వేళ, గీతల లెక్క, కింద ఆ పేజీల నకళ్లు. పక్కింటి తమిళ మాస్టారు నా తమిళం దిద్దిపెట్టారు. రెండు నెలలకు ఒక అధికారి వచ్చి, టీ కొట్టు ముందు పావుగంట నిలబడి చూసి వెళ్లాడు. మరో ఆరు నెలలకు మనిషి దూరేటంత సందు తెరిచి, నేల మీద తెల్లచారలు వేశారు. నేను అడిగిన సిగ్నలు మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు ఆ సందులోంచి మోటారు సైకిళ్లు కూడా దూరుతున్నాయి. వాటిలో నీది లేదని అనుకుంటున్నాను.

నీ రెండు చలానాలకూ ఇదే వరస. మొదటిది, స్టాపు గీత దాటి నిలిపినందుకు పడింది, ఫోటోలో నీ ముందు చక్రం స్పష్టంగా కనబడుతోందని నువ్వే అన్నావు, అది కట్టెయ్. రెండోది నువ్వు నెల్లూరులో ఉన్న రోజున తిరువాన్మియూరులో పడిందంటున్నావు. దాని మీద అరవవద్దు. చలానాలోని ఫోటో పెద్దది చేసి నంబరులో ఏ అక్షరం తప్పు చదివారో చూడు, బండి రంగు, మోడలు నీదేనా కాదా చూడు, ఆ రోజు నువ్వు నెల్లూరులో ఉన్నట్టు ఏదైనా రసీదు తీసి, మూడూ కలిపి ఈ-చలానా పోర్టల్‌లోని ఫిర్యాదు చోట పెట్టు. నాకూ ఒకసారి ఇలాగే నాది కాని కారుకు జరిమానా వచ్చింది. నాకున్నది అప్పటికి ఒక్క టీవీఎస్ మోపెడ్. ఆ కార్యాలయంలో ముగ్గురి చుట్టూ తిరిగి రేగిపోయి మాట్లాడితే పని కాలేదు. మోపెడ్ ఫోటోను, కారు ఫోటోను ఒకే కాగితం మీద పక్కపక్కన అంటించి ఇస్తే, నాలుగోవాడు నవ్వి రద్దు చేశాడు.

రూలు పెట్టేవాళ్లందరూ మొండివాళ్లనుకోవడం కూడా తప్పే. ఐలాండ్ దగ్గర గుర్రం మీద ఉన్న మన్రో దొర విగ్రహం నువ్వు రోజూ చూస్తుంటావు. 1839 నుంచి జీను, రికాబులు లేని గుర్రం మీద స్వారీ చేస్తున్నా ఆ ఒక్కడికే ఈ రోడ్డులో చలానా పడలేదని మా డ్రైవర్లు నవ్వుకునేవారు. దత్తమండలాలకు, అంటే మన రాయలసీమ, బళ్లారి ప్రాంతానికి, కలెక్టరుగా పొలం పొలం కొలిపించి శిస్తు నిర్ణయించినవాడు, అది రైతు మోయలేనిదని తెలుసుకుని, పావు వంతు తగ్గించాలని 1807లో తనే సిఫారసు చేశాడు. పైవాళ్లు వినలేదు. 1820లో గవర్నరై తిరిగి వచ్చాక ఆ తగ్గింపు అమలైంది. ఈస్టిండియా కంపెనీ నౌకరుగా ఆయన చేసినవన్నీ నాకు నచ్చుతాయని కాదు. తాను పెట్టిన లెక్క తప్పని తానే రాసిన అధికారి అరుదు గనుక చెబుతున్నాను. సీమలో పిల్లలకు మండ్రోలయ్య అని పేరు పెట్టుకున్నది ఊరికే కాదు.

పొట్టి శ్రీరాములు గారి మాట కూడా నువ్వు ఎత్తుతావని తెలుసు. 1952 అక్టోబరు 19న ఇక్కడే మైలాపూరులో నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ఆ ఇంట్లోనే కన్నుమూశారు. రాయపేట హైరోడ్డులో ఆ ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం, మా ఇంటికి నడిచి పోయేటంత దూరం. ఆయన పేరు వింటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. అయితే ఒక ప్రాణం ఖరీదు చేసే పనులు ఉంటాయి, ఒక నోటుపుస్తకం ఖరీదు చేసే పనులు ఉంటాయి. నీ యూటర్ను రెండో రకంలోది.

నీ పెట్రోలు బంకు ఎదుట నిజంగా యూటర్ను అవసరమేనని నీకు అనిపిస్తే, ఒక వారం లెక్క రాసి పట్టుకురా, ఇద్దరం కూర్చుని అర్జీ రాద్దాం. లెక్క రాశాక అవసరం లేదని తేలినా తేలవచ్చు. అప్పటిదాకా ఆ కిలోమీటరు పోయి రా.

శనివారం పొద్దున ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితం, ఫైనాన్సు వాళ్ల పుస్తకం తీసుకుని భోజనానికి వచ్చేయ్. ఫారం 28 నింపే పని ఆ రోజే మొదలుపెడదాం. మీ పెద్దమ్మ సాయంత్రం నీ బండి మీద కపాలీశ్వరుడి గుడికి వెళ్లాలంటోంది, రెండో హెల్మెట్ మరిచిపోకు.

ఇట్లు,
మీ పెదనాన్న