ఫ్రాంచైజీ షాపు మూసేస్తే కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక బెంగళూరు కంపెనీ టీ ఫ్రాంచైజీ తీసుకున్నాను. ఫీజు 4 లక్షలు, డిపాజిట్ లక్ష కట్టి, రెండు ఖాళీ చెక్కులు ఇచ్చాను. ట్రైనింగ్ 15 రోజులన్నారు, రెండు రోజులతో సరిపెట్టారు. టీ పొడి ఇరవై రోజులైనా రాదు. బయట కొంటే రూలు తప్పానంటారు. ఎనిమిది నెలలుగా నష్టమే. మూసేయొచ్చా?

జవాబు: తొందరపడి షటర్ దించకండి. అగ్రిమెంటులోని నోటీసు గడువు పాటించకుండా మూసేస్తే ఒప్పందం తప్పింది మీరే అవుతారు. గట్టి కేసును చేతులారా పాడుచేసుకునేది ఇక్కడే.

ఫ్రాంచైజీలకని మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, ప్రధానంగా 1872 నాటి కాంట్రాక్టు చట్టమే. కాబట్టి కంపెనీ బాధ్యతల పేజీ తీయండి. ట్రైనింగ్ ఎన్ని రోజులు, సరుకు ఎన్ని రోజుల్లో అన్నది అంకెల్లో ఉంటే బలం మీది. 'అవసరమైన సహకారం అందిస్తాం' అని వదిలేసి ఉంటే బ్రోచరు, వాట్సాప్ మెసేజ్‌లే దిక్కు. అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకున్నారని రుజువైతే 19వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు. కానీ సంగతి తెలిశాక కూడా నెలల తరబడి నడిపితే ఒప్పుకున్నట్టే చూస్తారు. మీ విషయంలో మోసం కంటే, సరుకు పంపలేదు కాబట్టి 73వ సెక్షన్ కింద నష్టపరిహారం ఇవ్వాలన్న వాదనే మేలు.

దానికి లెక్క కావాలి. 'ఎప్పుడూ లేటే' అంటే కోర్టులో నిలవదు. '3న 40 కిలోలు అడిగితే 24న 15 కిలోలు వచ్చాయి, ఆ మూడు వారాల కౌంటర్ అమ్మకం ఇంత' అంటే నిలుస్తుంది. ఇకపై ఫోన్లో అడగొద్దు, ఈమెయిల్ పెట్టండి. వాట్సాప్ చాట్ చెరపకండి. దాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (పాత సాక్ష్యాల చట్టం స్థానంలో వచ్చింది) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. ఫలానా తేదీలోగా పంపకపోతే బయట కొంటామని ముందే రాసి, కొన్న బిల్లులు దాచండి. నష్టం తగ్గించుకోవడానికి మీరేం చేశారని జడ్జి తప్పక అడుగుతారు.

ఖాళీ చెక్కులే నాకు ఎక్కువ భయం. సెక్యూరిటీ చెక్కు కదా అని ధీమా వద్దు, స్టాప్ పేమెంట్ పెట్టినా 138వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ కేసు వేయొచ్చు. చెక్కు నంబర్లు వేసి, బాకీ లేదు కాబట్టి వాపసు ఇవ్వమని స్పీడ్ పోస్టులో రాయండి. బౌన్స్ నోటీసు వస్తే 15 రోజుల్లోపే జవాబివ్వాలి.

డిపాజిట్ రాబట్టొచ్చు. ఫీజు మొత్తం తిరిగి రావడం మాత్రం కష్టం.

అగ్రిమెంటులో బెంగళూరు ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు) అని ఉంటే అనంతపురంలో దావా నిలవదు. అలా లేకపోతే 3 లక్షలు, ఆపైన ఉన్న ఫ్రాంచైజీ తగాదా కమర్షియల్ కోర్టుది. అత్యవసర ఉత్తర్వు అవసరం లేకపోతే ముందు మీడియేషన్‌కు (రాజీ చర్చలకు) వెళ్లాల్సిందే. దావా వేయడానికి గడువు మూడేళ్లు. పోలీసు కేసంటారా, డబ్బు తీసుకున్న రోజే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. సరుకు పంపకపోవడం ఒక్కటే చాలదు.

ఒప్పందం ముగిశాక మళ్లీ టీ షాపు పెట్టకూడదన్న షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. మీ పేరుతో అమ్ముకోండి. కాకపోతే బోర్డు, మెనూ, స్విగ్గీలో పేరు అన్నీ తీసేయాలి. మిగిలిన పేపర్ కప్పులు వృథా పోతాయని వాడారో, ట్రేడ్‌మార్క్ నోటీసుకు మీరే దారి ఇచ్చినట్టు.