మీ నాన్నగారి గురించి నువ్వు రాసింది చదివాక

అమ్మాయీ,

నాన్నగారికి గుండెపోటు వచ్చినప్పుడు కాపాడినవాళ్లకి కృతజ్ఞతగా నువ్వు రాసి పంపిన పేజీలు చదివాను. నాన్నగారు లేచి ఇంట్లో తిరుగుతున్నారన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను, అంత సంతోషం వేసింది. ఇక రాతకి వద్దాం.

మనసు పెట్టి రాశావు, అందులో సందేహం లేదు. కానీ డాక్టర్లు దేవుళ్లు, నర్సులు దేవతలు, వాళ్ల రుణం ఈ జన్మలో తీరదు అని మళ్లీ మళ్లీ రాశావు, అలా రాసిన ప్రతిచోటా నాకు ఒక్క మనిషి కూడా కనపడలేదు. దేవుడికి నైట్ డ్యూటీ ఉండదు, నిద్ర ముంచుకురాదు, కాళ్లు లాగవు. వీళ్లకి అవన్నీ ఉన్నాయి, ఉండి చేశారు, అది రాయి.

"ఎంతో కష్టం మీద ఆసుపత్రికి చేర్చాం" అని ఒక్క ముక్కలో దాటేశావు. మీది ఏటి మధ్య లంక ఊరమ్మా! కొబ్బరి దింపు జరుగుతుంటే తోటలో ఆయన ఉన్నట్టుండి కూలబడిపోవడం, ఒళ్లంతా చెమటలు, గ్యాస్ అనుకుని సోడా తాగించడం, బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని రేవుకి తేవడం, పడవేమో అవతలి ఒడ్డున ఉంటే కేకలేసి పిలవడం, ఏరు దాటి ఏటిగట్టు ఎక్కేసరికి 108 వచ్చి ఉండటం, ఇదంతా ఫోన్‌లో నాకు చెప్పావు గానీ కాగితం మీద పెట్టలేదు. పడవాయన డబ్బులు పుచ్చుకోలేదని కూడా చెప్పావు. ఆయన ఆసుపత్రి మనిషి కాదు, అయినా నీ కృతజ్ఞత ఆయన దగ్గరే మొదలవ్వాలని నాకనిపిస్తుంది.

సోడా సంగతి అమ్మగారు నొచ్చుకుంటారని తీసేశావేమో. ఉంచు, ఆవిడ మీద నెపం పడకుండా ఉంచు. గుండె మీద బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు కనిపిస్తే మన ఇళ్లల్లో ముందు అనుకునేది గ్యాస్ అనే. షుగర్ ఉన్నవాళ్లకైతే ఒక్కోసారి నొప్పే ఉండదు, ఆయాసం, నీరసం, అంతే. నీ రాత చదివినవాళ్లలో ఒక్కరైనా సోడా పక్కన పెట్టి 108కి ఫోన్ చేస్తే, నువ్వు చెప్పిన థాంక్స్ ఇంకొకరి ఇంటికి చేరినట్టే.

ఆ తర్వాత టైములు కనుక్కో. ఆసుపత్రి కాగితాలు తీసి చూడు, అర్థం కానివి డాక్టరుగారినే అడుగు. గుండెకి రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడితే కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతుంటుంది. అందుకే మనిషి గుమ్మంలోకి రాగానే 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలంటారు, స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, వేసే వీలున్న చోటైతే 90 నిమిషాల్లో మూసుకున్న నాళం తెరవాలంటారు, ఆ వీలు లేని చోట గడ్డ కరిగించే ఇంజెక్షన్ 30 నిమిషాల్లో ఇచ్చి పెద్దాసుపత్రికి పంపాలంటారు. మీకు అమలాపురంలో ఇంజెక్షన్, కాకినాడలో స్టెంట్ అయింది అందుకే. ఇది తెలిశాక నీ రెండో పేజీ మళ్లీ చదువుకో. "సిస్టర్ నా మాటకి జవాబైనా చెప్పకుండా నన్ను పక్కకి నెట్టి వెళ్లిపోయింది" అని కాస్త కోపంగానే రాశావు. ఆవిడ వెళ్లింది ఈసీజీ మిషన్ కోసం. ఆ వాక్యం కొట్టేయకు, నీ కోపం కూడా అలాగే ఉండనీ, కింద ఇది చేర్చు చాలు. మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ చోటే అవుతుంది.

స్ట్రెచర్ తోసినబ్బాయి, ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని కంగారుపడుతున్న మీ అన్నయ్యని కూర్చోబెట్టి కాగితాలన్నీ పూర్తి చేయించిన ఆరోగ్యమిత్ర, తెల్లవార్లూ ఐసీయూ బయట కూర్చున్న అమ్మగారికి ఇడ్లీ తెప్పించిన సిస్టర్, వీళ్లకి తలా రెండు వాక్యాలు దక్కాలి. పేర్లు పెట్టాలనుకుంటే వాళ్లని అడిగాకే పెట్టు.

ఇంకొకటి. 108 వచ్చింది 2005లో, ఆరోగ్యశ్రీ 2007లో. అంతకుముందు ఇదే నొప్పి లంకలో ఎవరికైనా వస్తే ఏం చేసేవాళ్లో మీ ఊళ్లో పెద్దవాళ్లని అడుగు, మంచం మీద మోసుకొచ్చిన కథలు చెబుతారు. అందులో ఒకటి నీ రాతలో ఉంటే, నువ్వు ఎవరికి దణ్ణం పెడుతున్నావో చదివేవాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది.

పూర్తయ్యాక ముందు నాన్నగారికి చదివి వినిపించు. ఆ రోజులో సగం ఆయనకి గుర్తుండకపోవచ్చు. ఏదైనా బయటికి వద్దంటే తీసెయ్, వాదించకు. అన్నట్టు, కాస్త బాగుంది కదా అని రక్తం పలచన చేసే మాత్రలు ఆయన సొంతంగా మానేయకుండా చూడు, స్టెంట్ వేశాక డాక్టరుగారు ఆపమంటేనే ఆపాలి. రెండో ప్రతి ఎప్పుడు పంపినా చదువుతాను.

ఉంటానమ్మా.