పక్కన కదలకుండా నిలబడేవాడి సగం

చిరంజీవి చిన్నాకి,

పెదనాన్న ఆశీస్సులు. నీతో కలిసి పాటలు కట్టే స్నేహితుడి వాటా గురించి ఆదివారం రాత్రి ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే తిరుగుతోంది. "పాడేది నేను, జనంతో మాట్లాడేది నేను, పోస్టర్ మీద మొహం నాది. వాడు ల్యాప్‌టాప్ వెనకాల నిలబడి తల ఊపుతాడంతే. వాడికి సగం ఎందుకివ్వాలి పెదనాన్నా?" అన్నావు. అప్పటికప్పుడు జవాబివ్వలేదు. మీ పెద్దమ్మ పక్కనే ఉంది. వాటాల మాటొస్తే నా గొంతు లేస్తుందని ఆవిడకి తెలుసు, వెంటనే బీపీ మాత్ర చేతిలో పెడుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నా.

నీకు పెట్ షాప్ బాయ్స్ అనే ఇంగ్లండు ఇద్దరు మనుషుల పాప్ బ్యాండు పాటలు తెలిసే ఉంటాయి. వాళ్ల లెక్కలు తెలిసుండవు. నాకు ఆ ఇద్దరూ 1988లో మస్కట్ నుంచి వచ్చిన మా బావ సూట్‌కేసులో, షేవింగ్ క్రీములకీ చీరలకీ మధ్య దొరికారు. 'యాక్చువల్లీ' అనే క్యాసెట్. అట్ట మీద ఇద్దరు మగాళ్లు, నల్ల కోట్లు, మెడకి బో టైలు. ఒకడు బిగుసుకుపోయి చూస్తున్నాడు, రెండోవాడు నోరంతా తెరిచి ఆవలిస్తున్నాడు. అమ్ముకోవాల్సిన సరుకు మీద ఆవలింత బొమ్మ వేసుకున్నవాళ్లని అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆ ఆవలించేవాడు నీల్ టెనంట్, బిగుసుకున్నవాడు క్రిస్ లోవ్.

1981 ఆగస్టులో లండన్ కింగ్స్ రోడ్డులో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్లో కలిశారు. నీల్‌కి 27, పత్రికల్లో ఎడిటింగ్ పని. క్రిస్‌కి 21, ఆర్కిటెక్చర్ చదువు. క్రిస్ గీసిన మెట్లదారి ఒకటి మిల్టన్ కీన్స్ అనే ఊళ్లో కట్టారు కూడా. కొట్లో మాటలు కలిసి, ముందు నీల్ ఇంట్లో, 1982 నుంచి కేమ్డెన్‌లో ఒక చిన్న స్టూడియోలో పాటలు కట్టుకున్నారు. పొద్దున ఉద్యోగం, చదువు. సాయంత్రం సింథసైజర్, అదే ఎలక్ట్రానిక్ కీబోర్డు.

వచ్చే నెల రాజీనామా పడేస్తానన్నావు కదా, అక్కడొక్క నిమిషం ఆగు. నీల్ స్మాష్ హిట్స్ అనే పాప్ పత్రికలో చేరాడు. 1983 ఆగస్టులో పోలీస్ అనే బ్యాండుని ఇంటర్వ్యూ చెయ్యమని ఆఫీసువాళ్లే న్యూయార్క్ పంపారు. తమకి ఎంతో ఇష్టమైన డాన్స్ రికార్డులు చేసే బాబీ ఓర్లాండో ఉండేది ఆ ఊళ్లోనే. వెళ్లి కలిశాడు, భోజనానికి కూర్చున్నారు, రికార్డు చేద్దామని ఆయనన్నాడు. ఆ ప్రయాణానికి కంపెనీ డబ్బు, కలవడానికి కంపెనీ టైము. రికార్డు బయటికొచ్చాక కూడా నీల్ ఉద్యోగం వదల్లేదు. పార్లోఫోన్ అనే రికార్డుల కంపెనీతో ఒప్పందం కుదిరాకే, 1985లో, వదిలాడు. వాళ్ల పాట బ్రిటన్ పట్టీలో మొదటి స్థానానికి వెళ్లేసరికి ఆయనకి 31. నీకు 24 నిండలేదు, వయసైపోయిందని నువ్వు ఫోన్లో నిట్టూరుస్తుంటే నవ్వాపుకోలేకపోయాను, క్షమించు.

ఇక సంతకం సంగతి. బాబీ దగ్గర చేసిన 'వెస్ట్ ఎండ్ గర్ల్స్' అనే పాట 1984లో వచ్చింది. అమెరికా క్లబ్బుల్లో కొంత ఆడింది, సొంతూళ్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఒప్పందం నుంచి బయటపడటానికి లాయర్లూ బేరాలూ అయి, 1985 మార్చిలో తెగతెంపులు చేసుకున్నారు. ఊరికే తెగలేదు. ఇక ముందు అమ్మబోయే రికార్డుల మీద బాబీకి గట్టి వాటా రాసిచ్చారు. అభిమానంతో ఒక పూట పెట్టిన సంతకానికి ఏళ్ల తరబడి కప్పం కట్టారన్నమాట. మొన్న ఆ పాటల కంపెనీ కుర్రాడు వాట్సాప్‌లో పంపిన ఒప్పందం పీడీఎఫ్‌ని నువ్వు మెట్రోలో నిలబడి చదివానన్నావు. అట్లా చదివేది కాదది. ఇంటికొచ్చి, కూర్చుని, 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న మాటలు ఎక్కడెక్కడున్నాయో పెన్సిల్‌తో గీతలు పెట్టు.

పార్లోఫోన్‌లో మొదటి పాట 1985 జూలైలో వేస్తే బ్రిటన్ పాటల పట్టీలో 116వ స్థానం దగ్గర ఆగిపోయింది. అప్పుడు కొత్త పాటల వెంట పరుగెత్తకుండా, పాత 'వెస్ట్ ఎండ్ గర్ల్స్'నే స్టీఫెన్ హేగ్ అనే ప్రొడ్యూసర్‌తో మళ్లీ మొదట్నించీ కట్టారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. ముందు వీధి చప్పుడు, అడుగుల శబ్దం, ఎక్కడో మోటారు. తర్వాత నెమ్మదిగా పైకి తేలే తీగల్లాంటి సింథ్, దాని కిందికి బేస్ దిగుతుంది. పాత రికార్డులో ఉన్న తొందర ఇందులో లేదు, లాగి పట్టారు. నీల్ సగం పాడతాడు, సగం మాట్లాడతాడు. 1986 జనవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్, మే నెలలో అమెరికాలో నంబర్ వన్. నువ్వేమో ఎవరూ వినలేదని మూడు నెలలకే తీసేసిన పాట ఒకటుంది చూడు, గోదావరి వంతెన మీద రైలు చప్పుడుతో మొదలయ్యేది? దాన్ని నీ స్నేహితుడి చేతిలో ఇంకోసారి పెట్టు.

అసలు విషయానికొస్తున్నా. టీవీలో వాళ్లని చూసినవాళ్లంతా మొదట అడిగే ప్రశ్న నువ్వడిగిందే. నీల్ ముందు నిలబడి పాడతాడు. క్రిస్ వెనకాల టోపీ, నల్లద్దాలు, ఒక కీబోర్డు. నవ్వడు, కదలడు. మీటేది కూడా ఒక వేలితోనే అన్నట్టుంటుంది. మన ఆర్కెస్ట్రా స్టేజీ మీద అట్లా నిలబడితే కమిటీవాళ్లు డబ్బులు కోసుకుంటారు. వాళ్లు ఆ నిలబడటాన్ని దాచలేదు, దాన్నే తమ గుర్తు చేసుకున్నారు. ఇద్దరూ గెంతితే వాళ్లు ఇంకో బ్యాండు. ఒకడు గెంతకపోబట్టి వాళ్లని చీకట్లో నీడ చూసి పోల్చుకోవచ్చు. ఇక పాట కింద రాసే పేర్లు చూడు: టెనంట్, లోవ్. మాటలు ఎక్కువగా నీల్‌వే అయినా, గొంతు నీల్‌దే అయినా పేర్లు రెండూ ఉంటాయి. ఏ స్వరం ఎవరికి తట్టిందని బయటివాడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

నాకు తెలియక పోగొట్టుకున్నది ఇదే. మీ నాన్న నీకు చెప్పాడో లేదో. 1994లో నేనూ నా స్నేహితుడూ కలిసి అయ్యప్ప పాటల క్యాసెట్ చేశాం. వాడు గాత్రం, నేను ట్యూన్లూ కీబోర్డూ రిథమూ. పదకొండు రాత్రులు, పెట్టె ఫ్యాను తిరిగితే మైకులో పడుతుందని ఆపేసి, చెమటలు కక్కుకుంటూ చేశాం. క్యాసెట్ వచ్చాక దాని పెట్టెలోని ఇన్‌లే కార్డు తిప్పి చూస్తే, పైన వాడి పేరు పెద్దక్షరాల్లో, 'గానం, సంగీతం' అని. నా పేరు కింద చీమ తలకాయంత, 'కీబోర్డ్' అని. కంపెనీవాడు పొరపాటన్నాడు. స్నేహితుడు "నేను అడగలేదురా, వాళ్లే వేశారు" అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ వద్దని కూడా అనలేదు. ఆ ఏడాది మండలం రోజుల్లో మా వీధి చివర మైకులో అదే పాట రోజూ మోగుతుంటే నేను చుట్టూ తిరిగి వెనక సందులోంచి వెళ్లేవాణ్ణి. తర్వాత మేమిద్దరం కలిసి ఒక్క పాటా చెయ్యలేదు. ఆ కార్డు ఇప్పటికీ బిస్కెట్ల డబ్బాలో ఉంది, కావాలంటే చూపిస్తా.

కాబట్టి ఇప్పుడే, డబ్బు రాకముందే రాసుకోండి. ప్రతి పాటకీ ఒక పేజీ: సంగీతం ఎవరు, సాహిత్యం ఎవరు, ఎంతెంత, తేదీ, ఇద్దరి సంతకాలు. స్ప్లిట్ షీట్ అంటారుగా మీరు. రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీలు వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్‌ సంఘంలో పాట నమోదు చేసేటప్పుడు ఎలాగూ ఈ వాటాలే అడుగుతారు. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక రచయితకీ స్వరకర్తకీ రావాల్సిన రాయల్టీ వాటాను వదులుకుంటున్నట్టు ఎవరైనా రాయించుకున్నా అది చెల్లదు. మా రోజుల్లో ఆ మాటే లేదు. కవరులో ఎంత పెడితే అంత. శాతాలు కొలుచుకుంటారో, చెరి సగం అంటారో మీ ఇష్టం. నన్నడిగితే చెరి సగం. ఈ పాటలో నాది అరవై, ఆ పాటలో వాడిది ముప్ఫై అని మొదలుపెడితే, స్టూడియోలో ప్రతివాడూ తన ముక్క ఉండాలనే చూస్తాడు, పాట బాగుందా లేదా చూడడు.

ప్రోగ్రాములు తగ్గాయని బెంగపెట్టుకున్నావు. వాళ్లు మొదటి టూరుకి 1989లో గానీ బయల్దేరలేదు తెలుసా? నాటకంలా సెట్టింగులతో చెయ్యాలనుకుని, ఖర్చు భరించలేక 1986లో మానుకున్నారు. ఆ లోపు బ్రిటన్‌లో నాలుగు నంబర్ వన్‌లు కొట్టారు, పాటల బలం మీదే.

పైనుంచి దిగడం గురించి ఒక్క మాట. 1988 సెప్టెంబరులో వచ్చిన వాళ్ల పాటొకటి బ్రిటన్‌లో ఏడో స్థానం దాటలేదు. మనకైతే ఏడంటే పండగ. నీల్‌కి మాత్రం తమ రాజభోగం అయిపోయిందని అప్పుడే అర్థమైంది. ఏం పట్టుకున్నా బంగారమయ్యే ఆ రోజులకి ఆయన పెట్టిన పేరు 'ఇంపీరియల్ ఫేజ్'. ఇప్పుడు పాప్ గురించి రాసేవాళ్లంతా దాన్నే వాడుతున్నారు. అయిపోయిందని తెలిశాక ఏం చేశారు? హడావుడి పాట కోసం వెతుక్కోలేదు. 1990లో 'బిహేవియర్' అని నిదానంగా, దిగులుగా ఉండే ఆల్బమ్ చేశారు. నాకు అన్నిటికంటే అదే ఇష్టం, నువ్వు ఒప్పుకోకపోయినా సరే. 1993లో పొడుగాటి కోసు టోపీలు పెట్టుకుని 'వెరీ'తో వచ్చారు. బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టీలో వాళ్లకి మొదటి స్థానం దక్కింది దానికే. 2024 ఏప్రిల్‌లో ఇంకొకటి తెచ్చారు, రెండో స్థానం. నీల్‌కి అప్పటికి 69. క్రిస్ ఇప్పటికీ కదలట్లేదు.

ఇంకో పని. నా పాత కీబోర్డులో రెండు కీలు దిగబడి పైకి లేవట్లేదు. కిందటిసారి మీరిద్దరూ వచ్చినప్పుడు నువ్వు వరండాలో ఫోన్లో ఉన్నావు. నీ స్నేహితుడు లోపల మోకాళ్ల మీద కూర్చుని వెనక మూత విప్పి, "రబ్బరు పోయింది అంకుల్, దొరికితే నేను తెచ్చి వేస్తా" అన్నాడు. దొరికిందట, మొన్న మెసేజ్ పెట్టాడు. దసరాకి వచ్చేటప్పుడు వాణ్ణి వెంటబెట్టుకురా. పెద్దమ్మ ఇద్దరికీ బొబ్బట్లు చేస్తానంది.

మీ పెదనాన్న