ఇండక్టెన్స్ తగ్గుతుందని తెలిసీ ఎయిర్ గ్యాప్ ఎందుకు?

తీగ చుట్టే అయస్కాంత కోర్‌లో ఎయిర్ గ్యాప్ (గాలి సందు) వదిలితే ఇండక్టెన్స్ (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) పడిపోతుంది కదా, మరి ప్రతి పల్సులో శక్తిని నిల్వ చేసి ఆ తర్వాత అందించే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్లలో ఆ గ్యాప్‌ను కావాలని ఎందుకు ఉంచుతారని మీరు అడిగారు. నేను మొదట చుట్టిన ఫ్లైబ్యాక్‌లో కోర్ తాలూకు ఫెర్రైట్ ముక్కలు రెండింటినీ సందు లేకుండా అతికించాను. ఎల్‌సీఆర్ మీటర్ మీద ఇండక్టెన్స్ చాలా ఎక్కువగా కనిపించింది కాని, లోడ్ పెట్టగానే కరెంటును ఆన్-ఆఫ్ చేసే మాస్‌ఫెట్ కాలిపోయింది. రెండోది కూడా పోయాక, తక్కువ వోల్టేజీతో నడుపుతూ ఆసిలోస్కోప్‌లో చూస్తే, సమంగా పెరగవలసిన కరెంటు ప్రతి పల్సు చివరా ఒక్కసారిగా పైకి లేస్తోంది. కోర్ సంతృప్తమవుతోందనడానికి, అంటే ఇక అంతకుమించి అయస్కాంతీకరణ చెందలేకపోతోందనడానికి, అదే గుర్తు.

చుట్ల సంఖ్య వర్గాన్ని అయస్కాంత మార్గపు రిలక్టెన్స్‌తో (అభివాహానికి, అంటే అయస్కాంత ప్రవాహానికి, ఆ మార్గం కలిగించే అడ్డంకి) భాగిస్తే ఇండక్టెన్స్ వస్తుంది. సాపేక్ష పెర్మియబిలిటీ (గాలితో పోలిస్తే అభివాహాన్ని ఎన్ని రెట్లు సులువుగా పోనిస్తుందో తెలిపే సంఖ్య) 2000 ఉన్న ఫెర్రైట్‌లో 100 మిల్లీమీటర్ల మార్గం, గాలిలో 0.05 మిల్లీమీటర్ల మార్గానికి సమానం. దానికి 0.5 మిల్లీమీటర్ల గ్యాప్ తోడైతే మొత్తం 0.55 అవుతుంది కనుక రిలక్టెన్స్ 11 రెట్లు పెరిగి, ఇండక్టెన్స్ 11వ వంతుకు దిగుతుంది. అయితే అన్నే చుట్లతో ఆ కోర్ సంతృప్తం కాకుండా 11 రెట్ల కరెంటును తట్టుకుంటుంది. శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఇండక్టెన్స్ తగ్గినా నిల్వ చేయగల శక్తి 11 రెట్లవుతుంది. అందులో దాదాపు అంతా గ్యాప్‌లోనే నిలుస్తుంది. ఫ్లైబ్యాక్ పని శక్తిని నిల్వ చేసి అందించడమే కనుక దానికి గ్యాప్ తప్పనిసరి. మామూలు పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో శక్తి నిల్వ అవసరం లేదు. అక్కడ గ్యాప్ అయస్కాంతీకరణ కరెంటును పెంచుతుందంతే.

ఇంకొక మేలు కూడా ఉంది. ఫెర్రైట్ పెర్మియబిలిటీ ఉష్ణోగ్రతను బట్టి గణనీయంగా మారుతుంది, కాని గ్యాప్ పొడవు మారదు. అందుకే గ్యాప్ ఉన్న కోర్ ఇండక్టెన్స్ నిలకడగా ఉంటుంది.

రెండో ప్రయత్నంలో నేను లెక్కకు వచ్చిన 0.5 మిల్లీమీటర్ల మందాన్నే ఈ-కోర్ (ఇంగ్లీషు E ఆకారపు ముక్కలతో చేసిన కోర్) మూడు కాళ్ల మధ్యా పెట్టాను. అభివాహం మధ్య కాలులోనూ, పక్క కాళ్లలోనూ సందు దాటవలసి వస్తుంది కనుక గ్యాప్ రెట్టింపై, ఇండక్టెన్స్ దాదాపు సగమే వచ్చింది. మూడు కాళ్లకూ పెట్టేటప్పుడు సగం మందమే వాడాలి. గ్యాప్ అంచుల దగ్గర అభివాహం బయటికి ఉబ్బుతుంది కాబట్టి కొలిచిన ఇండక్టెన్స్ లెక్కకన్నా కొంత ఎక్కువగా రావడం సహజమే. ఆ ఉబ్బిన అభివాహం తగిలిన తీగ బాగా వేడెక్కుతుంది, అందుకని గ్యాప్‌కు ఆనుకుని చుట్లు వేయకండి.